మిషను వెయ్యగానే

ఫొటో ఉన్న కవరు బల్ల మీద పెట్టాక కూడా పాస్టరు పేతురు అయ్యగారు కూర్చోలేదు. కూర్చోమని ప్రసాదరావు అనలేదు.

“మరియమ్మగారి ఫొటో. శ్యామ్ సుందర్ గారు పంపించారు,” అన్నారు అయ్యగారు. “ఆదివారం ఈ గది ప్రతిష్ఠకి మిషను వెయ్యగానే తెర మీద ముందు వాళ్ళమ్మగారే రావాలంట. అన్ని మిషన్ల మీదా.”

ప్రసాదరావు చేతిలో పని ఆపలేదు. తాడేపల్లిగూడెంలో మూతపడిన ఒక కాలేజీ నుంచి కొన్న పాత కంప్యూటర్లవి. ఒకదాని మూత విప్పి, మెమరీ ముక్క బయటికి లాగి, దాని ఇత్తడి రంగు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్దుతున్నాడు. కొల్లేటి చెమ్మకి పళ్ళు నల్లబడతాయి. నల్లబడితే మిషను కూత పెట్టి ఆగిపోతుంది. ఆవులలంక చర్చి స్కూలుకి అతనే కంప్యూటరు మాస్టారు.

“ఈ మిషన్లు కొన్నది ఆడవాళ్ళ బియ్యం డబ్బుతో కదండీ,” అన్నాడు.

“కాదని ఎవరన్నారు?”

“మరి ఆవిడ ఫొటో ఎందుకండీ?”

“గదెవరు కట్టించారు? టైల్సెవరు వేయించారు? కరెంటు పోతే నడిచే ఇన్వర్టరు ఎవరిది? చర్చిలో ఫ్యాన్ల మీద పేర్లు రాయలేదా? ఇదీ అంతే అనుకోండి.”

“ఫ్యాను మీద, ఆ ఫ్యాను కొన్నవాడి పేరే రాశారండి.”

అయ్యగారు కిటికీ వైపు చూశారు. ఆయనకి అప్పుడప్పుడూ సిగ్గు పుడుతుంది. నిలవదు.

“కుదరదంటే ఇప్పుడే చెప్పెయ్యండి ప్రసాదరావుగారూ. ఏలూరులో కంప్యూటరు కుర్రాళ్ళకి కరువేం లేదు. పిలిస్తే వచ్చి చేసి పెడతారు. ఆ తర్వాత పాఠాలూ వాళ్ళే చెప్తారు.”

“కుదరదనలేదండి.”

“అదీ. దేవుడు మిమ్మల్ని దీవించును గాక,” అని అయ్యగారు చెప్పులు వేసుకున్నారు.

లంకలో క్రైస్తవుల ఇళ్ళలో ఎసరు పెట్టిన ప్రతిసారీ, కడగబోయే బియ్యంలోంచి ఆడవాళ్ళు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి వంతు. శనివారం ఆ గుప్పెళ్ళన్నీ ఒక సంచిలోకి చేరతాయి. అమ్మితే వచ్చింది స్త్రీల సమాజానిది. ఏళ్ళ తరబడి ఆ సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది ప్రసాదరావు భార్య సలోమి. ఇదే స్కూల్లో టీచరు. చర్చి కప్పు ఆ బియ్యంతోనే పడింది. తర్వాత కంప్యూటర్లు కొనాలని పట్టుబట్టిందీ ఆమే. అవి లారీ దిగేనాటికి ఆమె సమాధి మీద సిమెంటు కూడా ఆరిపోయింది.

ప్రసాదరావు కవరు విప్పి చూశాడు. ముసలావిడ. ముక్కుపుడక లేదు, బొట్టు లేదు, మెడలో నల్లదారం. ఫొటో తీసేవాడికి భయపడినట్టు చూస్తోంది. మళ్ళీ కవర్లో పెట్టి దాని మీద రబ్బరు ముక్క పెట్టాడు, ఎగిరిపోకుండా.

*

ఆ కంప్యూటర్లలో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్. ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీ నుంచి ఎక్కించాడు. మిషను వేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరుగెత్తుతాయి. చివర లాగిన్ అని వచ్చి ఆగుతుంది. బొమ్మల తెర కావాలంటే స్టార్ట్ ఎక్స్ అని కొట్టాలి. అతనే అలా పెట్టాడు. ముందు అక్షరం కొట్టడం నేర్చుకోవాలి, మౌసు పట్టుకుని తిప్పడం తర్వాత అని అతని పట్టుదల.

ఇప్పుడు అది మార్చాలి. ఇనిట్‌టాబ్ అనే ఫైల్లో ఒక వరుస ఉంటుంది. అందులో మూడు అంకె ఉంటే అక్షరాలతో లేస్తుంది, ఐదు ఉంటే బొమ్మల తెరతో. మూడు చెరిపి ఐదు కొట్టాడు. మిషను ఆపి మళ్ళీ వేశాడు.

అక్షరాలు పరుగెత్తాయి. తెర నల్లబడింది. వెలగబోయి మళ్ళీ నల్లబడింది. రెప్పలు కొట్టుకున్నట్టు వెలిగి ఆరి, వెలిగి ఆరి, చివరికి ఇంగ్లీషులో ఒక వరుస రాసింది. మరీ త్వరత్వరగా మొదలవుతోంది కాబట్టి ఐదు నిమిషాలు ఆపుతున్నానని దాని సారాంశం. ప్రసాదరావు కుర్చీలో వెనక్కి వాలాడు. మిషనుకి కూడా ఇష్టం లేదు అనుకున్నాడు. అనుకుని, అటువంటి మాట మనసులోకి వచ్చినందుకు తన మీద తనే విసుక్కున్నాడు. మిషనుకి ఇష్టాలుండవు. మానిటరు పాతది, అది తట్టుకోలేని వేగం ఎక్కడో రాసి ఉంది. అంతే.

మానిటరు వెనక్కి తిప్పి, చెమ్మకి చివర్లు లేచిన చీటీ మీద అంకెలు చదివాడు. మిషను లేచేటప్పుడు మధ్యలో ఆపి, ఈ ఒక్కసారికి మూడుతోనే లెమ్మని చెప్పాడు. తెర సంగతులు రాసి ఉండే ఫైలు తెరిచి, చీటీ మీద అంకెలు అందులో వేశాడు. ఈసారి తెర నీలంగా వెలిగి, మధ్యలో పేరు అడిగే గడి వచ్చి నిలబడింది. ఆ గడి వెనక ఏ బొమ్మ ఉండాలో ఇంకో ఫోల్డరు చెప్తుంది. అందులో ఏది పెడితే అది వస్తుంది.

అక్కడిదాకా వచ్చాక అతనికి ఆ సంగతి మెరిసింది. ఏది పెడితే అది వస్తుంది.

*

మర్నాడు ఏలూరు వెళ్ళాడు. పవర్‌పేటలో ఒక స్టూడియోలో ఫొటోలు స్కాన్ చేసి సీడీలో వేసిస్తారు. ప్రసాదరావు మరియమ్మ ఫొటోతో పాటు, ఇంట్లో గోడకున్న పటంలోంచి విప్పి తెచ్చిన సలోమి ఫొటో కూడా కౌంటరు అద్దం మీద పెట్టాడు.

“రెండూనా అండీ?” అన్నాడు స్టూడియో మణికంఠ.

“రెండూ.”

“ఈవిడ టీచరుగారులా ఉన్నారే. చూపు చూడండి, హోంవర్కు చేశావా అన్నట్టు.”

“పని చూడు.”

“ఆయ్, అలాగేనండి,” అని మణికంఠ నవ్వు మింగేశాడు.

సీడీ చొక్కా జేబులో పెట్టుకుని కైకలూరు బస్సు కోసం నిలబడితే పక్కన జీపు ఆగింది. శ్యామ్ సుందర్ ఒక్కడే నడుపుకుంటున్నాడు. లంకలో పుట్టి, చేపల చెరువుల్లో సంపాదించి, ఏలూరులో ఇల్లు కట్టుకున్న మనిషి.

“లంకకే కదా మాస్టారూ. ఎక్కండి.”

ఎక్కక తప్పలేదు. వెనక సీట్లో మేత బస్తాలు, తవుడు వాసన. ఊరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా గట్లు, గట్ల మధ్య చెరువులు.

“అమ్మ ఫొటో పనేనా?”

“ఆ పనేనండి.”

“బాగా వస్తుందా?”

“ఫొటో ఎలా ఉంటే అలా వస్తుందండి.”

శ్యామ్ సుందర్ నవ్వాడు. “మీరు మాట ఒక్కటి కూడా ఊరికే పడనివ్వరు. సరే గానీ, అమ్మ రావడానికి ముందు నల్లగా ఏవో అక్షరాలు వస్తాయంట. అవి తీసెయ్యొచ్చా?”

“తీయొచ్చండి. అవి ఉంటేనే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.”

“ఎవరికి?”

“బాగుచేసేవాడికి.”

“బాగుచేసేది మీరొక్కరు. చూసేది చర్చి అంతాను. వెయ్యగానే మా అమ్మ కనబడాలండి. ఆవిడకంటే ముందు ఇంకేదీ ఉండకూడదు.”

ప్రసాదరావుకి ఒళ్ళు మండింది. అడగాలని అనుకోకుండానే అడిగేశాడు. “మీ అమ్మగారు సమాజానికి ఎప్పుడైనా గుప్పెడు వేశారాండీ?”

జీపు వేగం తగ్గింది. శ్యామ్ సుందర్ గేరు మార్చాడు. మళ్ళీ మార్చాడు. చెయ్యి గేరు మీదే ఉండిపోయింది.

“మీకు తెలియదేంటండీ మాస్టారూ,” అన్నాడు.

డబ్బున్నవాడి పొగరు అనుకున్నాడు ప్రసాదరావు. చర్చి దగ్గర దిగి, జీపు తలుపు అవసరానికి మించి గట్టిగా వేశాడు.

*

శుక్రవారం బడి వదిలాక తలుపు గడియపెట్టి పని మొదలుపెట్టాడు. మరియమ్మ బొమ్మా సలోమి బొమ్మా రెండూ మిషన్లలోకి ఎక్కించాడు. ఫోల్డర్లో సలోమిది పెట్టాడు. ఒక్కో మిషను ఆపి, వేసి, లేచేదాకా ఎదురుగా నిలబడి చూశాడు.

సలోమి వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తీయించుకున్న ఫొటో. చీర కొంగు భుజం మీద పిన్నుతో సరిగ్గా గుచ్చి ఉంది. పేరు అడిగే గడి ఆమె గడ్డం కిందికి వచ్చింది. దాన్ని కొంచెం కిందికి జరిపాడు.

ఒకటి, రెండు, ఆఖరిదాకా. గదిలో ఏ మూల నిలబడినా ఆమె చూస్తోంది. ఆదివారం ముసుగు గుడ్డ లాగుతారు. శ్యామ్ సుందర్ మీట నొక్కుతాడు. అయ్యగారి ముఖం ఎలా ఉంటుందో ప్రసాదరావుకి ఇప్పుడే కనబడుతోంది. ఉద్యోగం పోతుంది. పోనీ. లంకలో ప్రతి ఇంటి గుమ్మం తొక్కిన మనిషి, లంక అంతా చూస్తుండగా వస్తుంది. చనిపోయాక సంతాపం అని ఒక ఐదు నిమిషాలు నిలబడి, తర్వాత ఆమె పేరెత్తినవాడు లేడు. ఆడవాళ్ళు చూస్తారు. ఏడుస్తారు. అది చాలు.

అన్నం తినాలన్న సంగతి ఆ రాత్రి గుర్తు రాలేదు.

*

శనివారం స్త్రీల సమాజం వాళ్ళు బకెట్లు, చీపుర్లు, ఫినాయిలు సీసా పట్టుకుని గది కడగడానికి వచ్చారు. అందరికన్నా పెద్దది సుగుణమ్మ. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, టైల్సు మీద నీళ్ళు చిమ్మి, “జారి పడ్డారంటే రేపు ప్రతిష్ఠ మీకే చేస్తారు,” అని మిగతావాళ్ళని నవ్వించింది. మిషన్ల వైర్లు తడవకుండా ప్రసాదరావు వాటిని బల్లల మీదికి ఎత్తి కట్టాడు.

కడగడం అయ్యాక సుగుణమ్మ నడుం పట్టుకుని నిలబడింది.

“ఓపాలి ఏసి చూపించండి మాస్టారూ. రేపు పెద్దోళ్ళ ఈపులే గానీ మాకేం కనపడి చావదు.”

ప్రసాదరావు ఒక్క క్షణం ఆలోచించాడు. ముందు వీళ్ళే చూడాలి, అదే న్యాయం అనిపించింది. మీట నొక్కాడు.

అక్షరాలు పరుగెత్తాయి. “ఒసే, చీమలే!” అంది జ్యోత్స్న, వాళ్ళలో చిన్నది. తెర నల్లబడి, వెలిగింది.

నవ్వులు ఆగిపోయాయి.

“అయ్యో, టీచరమ్మ,” అంది ఎవరో.

ప్రసాదరావు తెర వైపు కాకుండా వాళ్ళ ముఖాల వైపు చూశాడు. సుగుణమ్మ దోపుకున్న కుచ్చిళ్ళు విప్పి దించుకుంది. కొంగు భుజం నిండా కప్పుకుంది. దగ్గరికి రాలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, బకెట్టు అవతల నిలబడింది.

“మరియమ్మ బొమ్మ అన్నారుగా అయ్యగారు?”

“అయ్యగారు అన్నారు. మిషన్లు తెచ్చిందెవరు సుగుణమ్మగారూ? బియ్యం మీవి. తిరుగుడు ఆవిడది. గదికి నాలుగు టైల్సు వేయించినవాడు వచ్చి నెత్తిమీద కూర్చుంటే నేను ఊరుకోవాలా?”

“తిరిగింది. ఎండా వానా అనకుండా తిరిగింది, కాదనను.” సుగుణమ్మ తెర వైపు చూడకుండా మాట్లాడుతోంది. “సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడేది. ఏమీ అనేది కాదు. డబ్బా బోర్లించి చూపించినా నిలబడే ఉండేది. ఎసట్లో పోసింది మళ్ళీ తీసి ఏశాను బాబూ ఓసారి. తడి బియ్యం.”

“దేవుడి వంతు కదండీ అది.”

“దేవుడి వంతే. దేవుడు గుమ్మంలో నిలబడలేదుగా. ఆదివారం లేచి పేర్లు చదవలేదుగా.”

“పేర్లు చదవడం ప్రతి సంఘంలోనూ ఉన్నదే.”

“ఏసినోళ్ళవి చదువుతారు ఎక్కడన్నా. ఏసినోళ్ళవి చదివితే గర్వం వస్తదని, మీ ఆవిడ ఎయ్యనోళ్ళవి చదివేది.”

ప్రసాదరావు విన్నాడు ఆ పేర్లు. ప్రతి ఆదివారం మగవాళ్ళ వైపు రెండో బెంచీలో కూర్చుని విన్నాడు. ఎంత స్పష్టంగా చదువుతుందో అనుకునేవాడు. ఒక్క పేరూ అతనికి గుర్తు లేదు.

“ఆవిడ ఉండగా మీరెవరూ ఈ మాట అనలేదే,” అన్నాడు. గొంతు అతనికే కటువుగా వినబడింది.

“ఎవరితో అంటాం? మీతోనా?”

జ్యోత్స్న చీపురు పుల్లలు నేలకేసి సమంగా కొడుతోంది. సుగుణమ్మ దాన్ని ఆపమన్నట్టు చెయ్యి ఊపింది.

“చెడ్డదని అనట్లేదు మాస్టారూ. ఆవిడ అట్టా పట్టు పట్టకపోతే ఈ పెట్టెలు వచ్చేవి కావు. అదీ నిజమే. కానీ మా పిల్లలు ఈ గదిలోకి రాగానే ఆవిడే చూత్తా ఉంటే, నాకే ఇప్పుడు ఇంటికెళ్ళి డబ్బా తడుముకోవాలనిపిత్తంది. మరియమ్మని పెట్టెయ్యండి. ఆవిణ్ణి చూత్తే మాకేం అనిపించదు. మాతో నాట్లేసింది. ఆవిడ పేరూ చదివారు. ఎన్ని వారాలో.”

ప్రసాదరావు తలెత్తాడు.

“మొగుడు చచ్చిపోయిన ఏడాది. కూలి గింజలు ఇద్దరి కడుపుకీ చాలేవి కావు, ఇంక గుప్పెడెక్కడ తీసుద్ది. కుర్రోడు వెనక చాప మీద కూర్చునేవాడు, అప్పుడప్పుడే మీసం వస్తోంది. ఓ ఆదివారం తల్లి పేరు చదవగానే లేచి బయటికి పోయాడు. మళ్ళీ చర్చి దొడ్లో కాలు పెట్టింది ఈ గది కట్టించడానికే.” సుగుణమ్మ బకెట్టు ఎత్తుకుంది. “మీకు తెలియదేంటండీ?”

వాళ్ళు వెళ్ళిపోయారు. గది తలుపు దగ్గర అయిదారు తడి పాదాల గుర్తులు, ఒకదాని మీద ఒకటి. ఫ్యాను వేశాడు, ఆరడానికి.

చాలాసేపు సలోమి ఎదురుగా కూర్చున్నాడు. ఆమెను ఒక మాట అడగాలనిపించింది. ఏం అడగాలో తేలలేదు. తడి బియ్యం ఎండబోసింది అతనే. చేపలు ఎండబోసినట్టు చాప మీద పరిచి, కాకులు రాకుండా కూర్చున్నాడు ఒక మధ్యాహ్నం అంతా. బియ్యం ఎందుకు తడిశాయని అడగలేదు.

లేచి మొదటి మిషను దగ్గర కూర్చున్నాడు. మరియమ్మ బొమ్మను ఫోల్డర్లో పెట్టాడు. సలోమి బొమ్మను తీసెయ్యమని కొట్టాడు. తీసెయ్యాలా అని మిషను తిరిగి అడిగింది. తప్పు జరగకుండా అలా అడగడం దాని పద్ధతి. అవునని కొట్టాడు. ప్రతి మిషనూ అడిగింది. ప్రతి మిషనుకీ అవుననే కొట్టాడు.

మరియమ్మ కంటే ముందు పరుగెత్తే అక్షరాలు మాత్రం తీయలేదు.

*

ఆదివారం ఆరాధన అయ్యాక జనం గదిలోకి వచ్చారు. పెద్దలు కుర్చీల్లో, ఆడవాళ్ళు తలుపు వైపు చాపల మీద. శ్యామ్ సుందర్ తెల్ల చొక్కా వేసుకుని మొదటి మిషను పక్కన నిలబడ్డాడు. అయ్యగారు ముసుగు గుడ్డ లాగి, మీట చూపించారు. శ్యామ్ సుందర్ నొక్కాడు.

అక్షరాలు వచ్చాయి. శ్యామ్ సుందర్ ప్రసాదరావు వైపు చూశాడు. ప్రసాదరావు తెర వైపే చూశాడు. తెర నల్లబడింది. తర్వాత మరియమ్మ వచ్చింది, ఫొటో తీసేవాడికి భయపడుతూ. చప్పట్లు కొట్టారు. ప్రసాదరావు వరసగా నడుచుకుంటూ మిగతా మీటలూ నొక్కాడు.

అయ్యగారికి ఇవాళ మళ్ళీ సిగ్గు పుట్టినట్టుంది. గొంతు సవరించుకున్నారు.

“ప్రార్థనకి ముందు ఒక మాట. ఈ యంత్రాల వెనక ఇంకొక దాసురాలి ప్రయాస ఉంది. సలోమమ్మగారి సేవ గురించి వారి భర్త రెండు మాటలు సాక్ష్యం చెప్తారు.”

వారమంతా అతను కోరుకున్నది ఇదే. అందరూ అతని వైపు తిరిగారు. శ్యామ్ సుందర్ తిరగలేదు. ఆడవాళ్ళ చాపల మీద సుగుణమ్మ టైలు మీద ఏదో మరకను వేలితో రుద్దుతోంది. నిన్న ఆమె కడిగిన టైలే. అక్కడ మరకేం లేదు.

ప్రసాదరావు లేచాడు. సలోమి పేరు నోటి దాకా వచ్చింది. ఆ పేరు తర్వాత ఏ మాట వేసినా, ఈ గదిలో సగం మంది తలలు ఇంకా దించుకుంటారు.

“చెప్పేదేం లేదండీ,” అని కూర్చున్నాడు.

“దుఃఖం. ఇంకా తేరుకోలేదు పాపం,” అన్నారు అయ్యగారు జనంతో. ప్రసాదరావు దిద్దలేదు.

ప్రార్థన మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. అయ్యగారు స్కూలు కోసం ప్రార్థించారు, దాత కోసం ప్రార్థించారు, దాత చెరువుల కోసం, రాష్ట్రం కోసం, దేశం కోసం. ప్రసాదరావు కళ్ళు మూసుకోలేదు. మౌసు చాలాసేపు కదలకపోతే తెర దానంతటదే ఆరిపోతుంది. ఆ సంగతి అతను మార్చడం మరిచిపోయాడు. మొదటి తెర ఆరింది. మరియమ్మ పోయింది.

శ్యామ్ సుందర్ కూడా కళ్ళు మూసుకోలేదు. నల్లబడ్డ గాజు వైపు చూస్తూ నిలబడ్డాడు. బయటికి పోయే దారి ఎటో చూస్తున్నట్టు తలుపు వైపు ఒకసారి చూసి, మళ్ళీ తెర వైపు చూశాడు.

ప్రసాదరావు చప్పుడు కాకుండా లేచి, ముందుకు వంగి, మౌసు కొంచెం కదిపాడు. మరియమ్మ వచ్చింది. రెండోది ఆరుతోంది. అక్కడికి నడిచాడు. అది కదిపి మూడోదాని దగ్గరికి, అలా గోడ దాకా. అయ్యగారు ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నారు. తలలు వంచుకున్న జనం మధ్యలోంచి వెనక్కి వచ్చి, మొదటి మిషను దగ్గర నిలబడి, మౌసు మీద చెయ్యి ఉంచాడు.